మొదటి ప్రైమ్ లెన్స్ కొనేముందు మీ హాలు ఎన్ని అడుగులో చూసుకోండి

కెమెరా కొన్న కొన్నాళ్ళకి దాంతో పాటు వచ్చిన కిట్ లెన్స్ చాలట్లేదనిపించి రెండో లెన్స్ ఏది తీసుకోమంటారు అని ఎవర్నడిగినా వచ్చే సమాధానం ఒకటే, ఫిఫ్టీ (50 ఎంఎం లెన్స్) తీసుకో, చవక, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అదిరిపోద్ది అని. అందులో అబద్ధం లేదు గానీ అది సగం మాటే. ఆ ఫిఫ్టీ కొని విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో మామూలు డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్లో పాప పుట్టినరోజు తీద్దామని నిలబడండి, కేక్ ఫ్రేములోకొస్తే పాప సగం కట్ అయిపోద్ది, పాప మొత్తం వస్తే పక్కనున్న నాయనమ్మ ఉండదు, వెనక్కి జరుగుదామంటే వీపుకి ఫ్రిజ్ తగులుద్ది. లెన్స్ లో లోపం ఏమీ లేదు, ఆ హాలుకి అది సరిపోదు అంతే. అందుకే ఏ లెన్స్ మంచిది అనేది తర్వాత, ముందు మీరు ఎక్కువగా ఫొటోలు తీసే చోట వెనక్కి జరగడానికి మీకు ఎన్ని అడుగులుంటాయో చూసుకోండి, ఆ లెక్క తెలిస్తే ఏ లెన్స్ అనేది ముప్పాతిక వంతు తేలిపోయినట్టే.

ప్రైమ్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. జూమ్ లేని లెన్స్ అది, ఒకటే ఫోకల్ లెంగ్త్ (ఎంఎం లో చెప్పే నంబరు, అది పెరిగేకొద్దీ అన్నీ దగ్గరగా, తక్కువ మేర కనపడతాయి) ఉంటది, దగ్గరగా కావాలంటే మీరు ముందుకెళ్ళాలి, ఎక్కువ కావాలంటే వెనక్కెళ్ళాలి. ఆ సుఖం వదులుకున్నందుకు బదులుగా మీకొచ్చేది పెద్ద అపర్చర్ (లైటు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే అది అంత పెద్దది), అంటే చీకట్లో ఎక్కువ లైటు, వెనక ఎక్కువ బ్లర్, పైగా లెన్స్ చిన్నగా తేలిగ్గా ఉంటది. ఇక్కడ నేను మాట్లాడేది కానన్ 1500డీ, 3000డీ, 200డీ, నికాన్ డీ3400, డీ3500, డీ5600 లాంటి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరాల గురించి, అద్దం లేని మిర్రర్‌లెస్ లో కానన్ ఆర్50, నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ ఈ10 లాంటి వాటికి కూడా ఇదే లెక్క నడుస్తది. వీటన్నిటిలో ఉండేది ఏపీఎస్‌సీ సెన్సార్, ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సార్) కంటే చిన్నది, కాబట్టి దాంతో పోల్చాలంటే ఫోకల్ లెంగ్త్ ని కానన్ అయితే 1.6 తో, నికాన్ సోనీ అయితే 1.5 తో హెచ్చించాలి. 50 ఎంఎం లెన్స్ కానన్ లో పెడితే ఫుల్‌ఫ్రేమ్ మీద 80 ఎంఎం ఎంత దగ్గరగా చూపిస్తదో అంత చూపిస్తది. పాత రోజుల్లో ఫిల్మ్ కెమెరాలకి ఫిఫ్టీయే నార్మల్ లెన్స్ అనేవాళ్ళు, ఆ మాట ఫిల్మ్ సైజుకి చెప్పింది, మన చిన్న సెన్సార్ మీద అదే లెన్స్ పోర్ట్రెయిట్ లెన్స్ అయిపోద్ది.

ఇప్పుడు అడుగుల లెక్క. కెమెరా నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి కాళ్ళ దాకా, పైనా కిందా కొంచెం ఖాళీ ఉంచి తీయాలనుకోండి, అంటే ఫ్రేములో సుమారు 2 మీటర్ల ఎత్తు పట్టాలి. 50 ఎంఎం తో అయితే మనిషికి మీరు దాదాపు 15 అడుగుల దూరంలో ఉండాలి. నికాన్ లో 35 ఎంఎం అయితే 10 అడుగులు చాలు. కానన్ లో 24 ఎంఎం అయితే 7 అడుగుల్లో పనైపోద్ది. ఇది కెమెరాకీ మనిషికీ మధ్య దూరం మాత్రమే, మీరు నిలబడటానికి ఇంకో అడుగున్నర కావాలి, వెనక గోడ బ్లర్ అవ్వాలంటే మనిషిని గోడకి కనీసం నాలుగైదు అడుగులు ముందుకి తేవాలి, అది కూడా కలుపుకోండి. పది బై పన్నెండు బెడ్రూములో ఫిఫ్టీ పెట్టుకుని చీర మొత్తం కనపడేలా తీయడం కుదరదు అనేది ఇందాకటి లెక్కలోనే తెలిసిపోయింది కదా. నలుగురైదుగురు పక్కపక్కన నిలబడే గ్రూప్ ఫొటో, అంటే 4 మీటర్ల వెడల్పు అనుకుందాం, దానికి ఫిఫ్టీతో 30 అడుగులు వెనక్కి పోవాలి, 35 తో 20, 24 తో 14. మన అపార్ట్‌మెంట్ హాళ్ళలో 30 అడుగులు ఎక్కడుంటాయండి, డాబా మీదకో కింద సెల్లార్ లోకో తీసుకెళ్ళాల్సిందే.

అదే ఒక్క మొహం, భుజాల దాకా కావాలంటే కథ తిరగబడిద్ది. ఫిఫ్టీతో నాలుగున్నర అడుగుల దూరం నుంచి వస్తది, ఎదుటివాళ్ళు కంగారు పడని దూరం అది, మొహం ఉన్నది ఉన్నట్టు ఉంటది. 24 తో అదే ఫ్రేము కావాలంటే రెండడుగుల దగ్గరికి పోవాలి, అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదైపోయి చెవులు వెనక్కి పోయినట్టు కనపడతాయి, పెళ్ళిచూపులకి పంపే ఫొటో అట్టా తీస్తే ఎవరూ ఊరుకోరు. 35 మధ్యస్తంగా ఉంటది, మూడడుగుల నుంచి మొహం తీయొచ్చు, కొంచెం మార్పు తెలిసిద్ది గానీ మరీ తేడాగా అనిపించదు, నడుం దాకా తీస్తే అసలు ఇబ్బందే లేదు.

ఈ లెక్కలు కాగితం మీద చదివితే సరిపోదు, మీ దగ్గరున్న కిట్ లెన్స్ తోనే టెస్ట్ చేసుకోండి, పైసా ఖర్చు లేదు. 18-55 లెన్స్ మీద 18, 24, 35, 55 అని గీతలు రాసుంటాయి, కొన్నిటి మీద 45, 50 కూడా ఉంటాయి. ఒక వారం పాటు జూమ్ రింగుని 35 దగ్గర పెట్టి చిన్న టేపు ముక్క అంటించేయండి, పేపర్ టేపు అయితే జిగురు అంటదు. ఏం తీసినా దాంతోనే తీయండి, ఇంట్లో, ఆఫీసులో టీ దగ్గర, సాయంత్రం బీసెంట్ రోడ్డులో. తర్వాత వారం 50 దగ్గర, 50 గీత లేకపోతే 55 కి కొంచెం ముందు. మూడో వారం 24. టేపు ఎందుకంటే, అది లేకపోతే చెయ్యి తెలియకుండానే రింగు తిప్పేస్తది, మనిషి ఇరుకులో పడినప్పుడు ఏం చేస్తాడో తెలియాలంటే ఆ ఇరుకు నిజంగా ఉండాలి. ఏ వారంలో వెనక్కి జరగలేక ఎక్కువ ఫొటోలు వదిలేసుకున్నారు, ఏ వారంలో అనవసరమైన సామానంతా ఫ్రేములోకొచ్చి చిరాకు పుట్టింది, ఆ రెండూ గమనించుకుంటే చాలు.

ఇంకోటి, ఇప్పటిదాకా మీరు తీసిన ఫొటోలు ఉన్నాయిగా, వాటిని ల్యాప్‌టాప్ లో తెరిచి డీటెయిల్స్ చూస్తే ఒక్కోటి ఎంత ఫోకల్ లెంగ్త్ లో తీశారో ఉంటది. మీకు బాగా నచ్చిన ఫొటోలు మాత్రమే చూడండి, అన్నీ వద్దు. చాలామందికి 18 దగ్గరో 55 దగ్గరో కుప్ప పడి ఉంటాయి, అది ఆ ఫోకల్ లెంగ్త్ ఇష్టమై కాదు, జూమ్ ఆ చివరా ఈ చివరా ఆగిపోయింది కాబట్టి. అందుకే ఈ లెక్కని టేపు టెస్టుతో కలిపి చూడాలి గానీ ఇదొక్కటే నమ్ముకోకూడదు.

మన ఊళ్ళలో ఏ చోటికి ఏది పనికొస్తదో నాకు తెలిసినంతలో చెప్తా. కళ్యాణ మండపంలో పెళ్ళి, మీరు చుట్టాల తరఫున రెండో మూడో వరసలో కూర్చుని తీస్తున్నారనుకోండి, పీటల దగ్గరికి ఒక 16 అడుగులుంటే ఫిఫ్టీ అడ్డంగా పడితే రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు వస్తది, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇద్దరూ చక్కగా పట్టేస్తారు. అక్కడ ఫిఫ్టీకి తిరుగులేదు. అదే పెళ్ళికి ముందు రోజు ఇంట్లో నలుగు, గోరింటాకు, పెళ్ళికూతుర్ని చేయడం లాంటివి అయితే గదంతా జనం, అక్కడ 35 గానీ 24 గానీ లేకపోతే మొహాలు తప్ప సందడి రాదు. ఉండవల్లి గుహల్లో లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం పొడుగుకి, ఆ జాగాకి ఈ మూడింట్లో ఏదీ చాలదు, కిట్ లెన్స్ 18 దగ్గర పెట్టి తీసుకోండి. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం లైట్లు నీళ్ళలో పడేది తీయడానికి ట్రైపాడ్ వేసి ఎఫ్ 8 లో తీస్తాం కాబట్టి దానికోసం ప్రైమ్ కొనక్కర్లేదు. దసరాకి కృష్ణలో తెప్పోత్సవం హంస వాహనం ఘాట్ మీద నుంచి తీయాలంటే ఫిఫ్టీ కూడా చిన్నదైపోద్ది, దానికి 55-250 లాంటి టెలీ జూమ్ కావాలి, కానీ అదే దసరాకి ఎర్ర బట్టలతో నడిచొచ్చే భవానీల మొహాలు తీయాలంటే ఫిఫ్టీ బ్రహ్మాండంగా ఉంటది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర జనం తోపులాటలో వెనక్కి జరగడం మన చేతిలో ఉండదు, అక్కడ 24 కి ఓటు వేస్తా.

గుంటూరు మిర్చి యార్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్రటి రాశులు, గోతాలు మోసేవాళ్ళు, ఫొటోలకి మంచి చోటు, పర్మిషన్ అడిగి వెళ్ళండి. 35 చాలా బాగుంటది అక్కడ. కానీ ఏ లెన్స్ అయినా గేటు బయటే తగిలించుకుని లోపలికి పోండి, లోపల లెన్స్ మార్చొద్దు, ఆ దుమ్ము సెన్సార్ మీద పడితే తర్వాత తీసే ప్రతి ఫొటోలో ఆకాశం మీద మచ్చలే. ఎరుపు రంగు మరీ ముద్దలా వస్తుంటే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీయండి, కాయల మీద ముడతలు కనపడతాయి.

ఇక లైటు సంగతి, ఇదే ప్రైమ్ కొనడానికి అసలు కారణం చాలామందికి. కిట్ లెన్స్ 50 చుట్టుపక్కల జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్ 5.6 దాకా మూసుకుపోద్ది. ఎఫ్ 1.8 కీ ఎఫ్ 5.6 కీ లైటులో దాదాపు పది రెట్లు తేడా. కిట్ లెన్స్ తో 1/25 సెకను షట్టర్ స్పీడ్ వచ్చే చోట అదే ఐఎస్‌ఓ (సెన్సార్ కి వచ్చిన లైటుని ఎంత పెంచి చూపించాలో చెప్పే సెట్టింగ్) మీద ఫిఫ్టీతో 1/250 వస్తది, అంటే పరిగెత్తే పిల్లోడు షేక్ అయిపోకుండా ఆగుతాడు, లేదంటే స్పీడ్ అంతే ఉంచి ఐఎస్‌ఓ 6400 ని 640 కి దించొచ్చు, ఆ గింజలు గింజలుగా కనపడే నాయిస్ పోద్ది. నికాన్ 35 ఎఫ్ 1.8 అయితే కిట్ లెన్స్ అదే 35 దగ్గర ఎఫ్ 4.5 ఉంటది కాబట్టి ఆరు రెట్లు లాభం. కానీ కానన్ 24 ఎఫ్ 2.8 దగ్గర జాగ్రత్తగా ఆలోచించాలి, ఎందుకంటే కిట్ లెన్స్ 24 దగ్గర ఎఫ్ 4 ఇస్తానే ఉంటది, తేడా రెండు రెట్లే, పైగా కిట్ లెన్స్ లో ఐఎస్ అని షేక్ తగ్గించేది ఉంటే కదలని వస్తువులకి అదే గెలుస్తది. మరి 24 ఎందుకు కొంటారంటే సైజు కోసం, దగ్గర ఫోకస్ కోసం. 125 గ్రాములు, బిస్కెట్ లాగా పల్చగా ఉంటది, కెమెరాకి తగిలిస్తే చిన్న సంచిలో పట్టిద్ది, అట్టా పట్టిన కెమెరా రోజూ బయటికొస్తది. లైటు కోసమే కొనేవాళ్ళు 24 కొని ఇదేంటి పెద్ద తేడా లేదే అని బాధపడతారు, ముందే తెలుసుకుంటే మంచిది.

కెమెరాని బట్టి ఏవి దొరుకుతాయో చూద్దాం. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్ళకి ఈఎఫ్ 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎం, 2015 లో వచ్చింది, 160 గ్రాములు, కొత్తది రేటు పది వేలకి అటూ ఇటూగా తిరుగుతుంటది. దీనికి ముందు 1990 నుంచి ఉన్న పాత మోడల్ ఒకటుంది, పేరు చివర ఎస్‌టీఎం బదులు రెండు నిలువు గీతలుంటాయి, సెకండ్ హ్యాండ్ లో ఇంకా చవకగా దొరికిద్ది గానీ ఫోకస్ చేసేటప్పుడు గరగర సౌండ్, అపర్చర్ రెక్కలు ఐదే కాబట్టి దీపావళి లైట్ల సీరియల్ సెట్ వెనక పెట్టి తీస్తే అపర్చర్ కొంచెం మూసేసరికి బ్లర్ అయిన లైట్లు ఐదు మూలలుగా వస్తాయి. కొత్తదాన్లో ఏడు రెక్కలు, గుండ్రంగా వస్తాయి, పైగా పాతది 45 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఫోకస్ అవ్వదు, కొత్తది 35 సెంటీమీటర్ల దాకా అయిద్ది. కొద్దిగా ఎక్కువైనా ఎస్‌టీఎం తీసుకోండి. తర్వాత ఈఎఫ్‌ఎస్ 24 ఎఫ్ 2.8, ఇందాక చెప్పిందే. ఇది 16 సెంటీమీటర్ల దగ్గర దాకా ఫోకస్ అయిద్ది, దాదాపు 8 సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువుతో ఫ్రేము నిండిపోద్ది, కాబట్టి కొండపల్లి బొమ్మలు, నగలు, పచ్చళ్ళ సీసాలు, ప్లేట్లో టిఫిన్ ఇట్టాంటివి తీసి ఆన్‌లైన్లో అమ్ముకునేవాళ్ళకి నేను ఫిఫ్టీ కంటే దీన్నే చెప్తా. కానన్ లో చవకగా, 35 దగ్గర, ఎఫ్ 1.8 లాంటిది సొంత బ్రాండ్ లో లేకపోవడమే పెద్ద లోటు. యాంగ్‌నువో 35 ఎఫ్ 2 అని ఉంది, చవక, కానీ షాపులో మీరే టెస్ట్ చేయకుండా ఆ లెన్స్ తీసుకోవద్దు. బడ్జెట్ ఉంటే సిగ్మా 30 ఎఫ్ 1.4 చూడొచ్చు, బరువు ఎక్కువ.

నికాన్ వాళ్ళకి పని సులువు. డీఎక్స్ 35 ఎఫ్ 1.8 జీ, 2009 లో వచ్చింది, 200 గ్రాములు, ఇంట్లో పిల్లలు, వీధి, పండగ, ప్రయాణం అన్నిటికీ సరిపోయే లెన్స్, లెన్స్ ముందు తగిలించే హుడ్ కూడా డబ్బాలోనే వస్తది. ఏం కొనాలో తేల్చుకోలేని నికాన్ వాళ్ళెవరైనా కళ్ళు మూసుకుని ఇది తీసుకోవచ్చు. 50 ఎఫ్ 1.8 జీ కూడా మంచిదే, 2011 ది, కానీ మొహాలూ పెళ్ళి స్టేజీలూ తీసేవాళ్ళకే. ఒక్క చోట మాత్రం చాలామంది డబ్బులు పోతున్నాయి, అదేంటంటే 50 ఎఫ్ 1.8 డీ. చివర జీ కాదు, డీ. సెకండ్ హ్యాండ్ లో బాగా చవకగా కనపడిద్ది, కానీ దాంట్లో ఫోకస్ మోటార్ ఉండదు, మోటార్ కెమెరా బాడీలో ఉండాలి, డీ3000 సిరీస్ లో గానీ డీ5000 సిరీస్ లో గానీ ఆ మోటార్ లేదు. తగిలిస్తే తగులుద్ది, ఫొటో వస్తది, ఆటో ఫోకస్ మాత్రం రాదు, ప్రతిదీ చేత్తో తిప్పుకోవాలి. లెన్స్ మీద ఏఎఫ్‌ఎస్ అని గానీ ఏఎఫ్‌పీ అని గానీ రాసుందో లేదో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మిర్రర్‌లెస్ వాళ్ళు మౌంట్, అంటే లెన్స్ తగిలించే చోటు ఏ రకమో చూసుకోవాలి. ఆర్50, ఆర్100 కి ఆర్‌ఎఫ్ మౌంట్, దానికి ఆర్‌ఎఫ్ 50 ఎఫ్ 1.8, ఆర్‌ఎఫ్ 28 ఎఫ్ 2.8 ఉన్నాయి, ఇంట్లో మీ అన్నయ్య దగ్గర పాత ఈఎఫ్ లెన్సులుంటే కానన్ అడాప్టర్ వేసుకుని వాడుకోవచ్చు, ఆటో ఫోకస్ బాగానే పనిచేస్తది. ఆర్‌ఎఫ్ లెన్సు మాత్రం పాత డీఎస్‌ఎల్‌ఆర్ కి ఎక్కదు. నికాన్ జెడ్30, జెడ్50 కి డీఎక్స్ 24 ఎఫ్ 1.7 అని 2023 లో వచ్చింది, ఇరుకు గదులకి ఇంత లైటున్న వైడ్ లెన్స్ కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్ళకి ఆ రేటులో లేదు. సోనీకి సిగ్మా 30 ఎఫ్ 1.4 చాలామంది వాడేది. వీడియో ఎక్కువ తీసేవాళ్ళయితే సోనీలోనే పేరులో ఓఎస్‌ఎస్ అని ఉన్న 35 ఎఫ్ 1.8 ఆలోచించండి, జెడ్‌వీ ఈ10 బాడీ లోపల సెన్సార్ స్టెబిలైజేషన్ లేదు కాబట్టి లెన్స్ లో ఉంటే చేతి వణుకు తగ్గిద్ది.

ఎఫ్ 1.8 ఉంది కదా అని ఎప్పుడూ 1.8 లోనే తీయకండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఫిఫ్టీతో ఐదడుగుల దూరంలో మనిషిని ఎఫ్ 1.8 లో తీస్తే షార్ప్ గా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. ఒక కన్ను షార్ప్, తల పక్కకి తిప్పితే రెండో కన్ను మెత్తబడిపోద్ది. భార్యాభర్తలు ఒకరు కొంచెం ముందు ఒకరు వెనక నిలబడితే వెనకున్నవాళ్ళు బ్లర్. ఎఫ్ 2.8 కి మూస్తే 9, 10 సెంటీమీటర్లయిద్ది, ఎఫ్ 4 కి 13, 14. ఒక్కరికి ఎఫ్ 2.2 నుంచి 2.8, ఇద్దరికి ఎఫ్ 4, గ్రూపుకి ఎఫ్ 5.6, ఇట్టా మొదలుపెట్టి చూసుకోండి. ఇంకా, ఈ చవక లెన్సులన్నీ ఎఫ్ 2.8 దగ్గర 1.8 కంటే బాగా షార్ప్, వడ్డాణం మీదో వెండి పళ్ళెం మీదో లైటు పడ్డ చోట అంచుల్లో వచ్చే ఊదా రంగు గీతలు కూడా తగ్గుతాయి. బ్లర్ తగ్గిపోద్దని భయపడకండి, మనిషిని గోడకి దూరంగా నిలబెడితే ఎఫ్ 2.8 లో కూడా వెనకంతా కరిగిపోద్ది.

షట్టర్ స్పీడ్ కూడా చూసుకోవాలి. ఈ డీఎస్‌ఎల్‌ఆర్ ప్రైముల్లో స్టెబిలైజేషన్ ఉండదు, కాబట్టి ఫిఫ్టీతో 1/80 కంటే తక్కువకి దిగొద్దు, పిల్లలైతే 1/250. ఫంక్షన్ హాళ్ళలో ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా చారలొస్తుంటే 1/100 పెట్టి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ స్పీడ్ దగ్గర చారలు చాలావరకు పోతాయి.

షాపుకెళ్ళేటప్పుడు మీ కెమెరా, మీ మెమరీ కార్డు తీసుకెళ్ళండి, ఛార్జింగ్ ఫుల్ గా పెట్టుకోండి. లెన్స్ తగిలించి ఎఫ్ 1.8 లో, 2.8 లో, 5.6 లో ఒకే వస్తువుని తీయండి, రోడ్డుకి అవతల ఉన్న ఏదో ఒక షాపు బోర్డు తీసి స్క్రీన్ మీద ఫుల్ గా జూమ్ చేసి ఎడమ అంచు అక్షరాలూ కుడి అంచు అక్షరాలూ ఒకే రకంగా ఉన్నాయా చూడండి, ఒక పక్క మాత్రమే మెత్తగా ఉంటే ఇంకో పీస్ అడగండి, మొహమాటపడకండి, డబ్బులు మీవి. ఇండియా వారంటీ కార్డు, జీఎస్‌టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు, ఈ మూడూ ఉండాలి. ఇంపోర్టెడ్ పీస్ రెండు వేలు తక్కువకిస్తామంటారు కొన్ని చోట్ల, రిపేరొస్తే కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇండియా వారంటీ వర్తించదు, పది వేల లెన్స్ కి ఆ రిస్కు ఎందుకో మీరే ఆలోచించుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా ఓపిక కావాలి. మన కోస్తాలో ఉక్కపోతకి, వానాకాలం తేమకి లెన్సుల్లో ఫంగస్ పట్టడం చాలా మామూలు. లెన్స్ ని కెమెరా నుంచి తీసి, రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి, సాలెగూడు పోగుల్లా, చెట్టు వేళ్ళలా ఏదైనా కనపడితే అక్కడితో మాటలు ఆపేయండి, ఎంత తగ్గించినా వద్దు. లోపల రెండు మూడు దుమ్ము కణాలుంటే పర్లేదు, ఫొటోలో రాదు. ముందు గ్లాసు మీద సన్నటి గీత కంటే వెనక గ్లాసు మీద గీత ప్రమాదం, ఎందుకంటే అది సెన్సార్ కి దగ్గర. ఫోకస్ రింగు తిప్పితే ఇసుక పడ్డట్టు గరగరలాడకూడదు. కెమెరాకి పెట్టి కొన్ని ఫొటోలు ఎఫ్ 8 లో తీయండి, ఎర్రర్ వచ్చినా, ఒక ఫొటో చీకటిగా ఒకటి వెలుగుగా వచ్చినా అపర్చర్ రెక్కలు ఇరుక్కుంటున్నాయన్నమాట. స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

కొత్తది ఇంటికి తెచ్చాక రిటర్న్ టైము ఉండగానే ఫోకస్ టెస్ట్ చేయండి. ఒక న్యూస్ పేపర్ ని టేబుల్ మీద పరిచి, కెమెరాని కొంచెం ఏటవాలుగా పెట్టి, మధ్యలో ఒక హెడ్డింగ్ మీద ఎఫ్ 1.8 లో ఫోకస్ చేసి తీయండి, ముందు కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లోంచి, తర్వాత అదే లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తా. లైవ్ వ్యూలో హెడ్డింగ్ షార్ప్ గా వచ్చి వ్యూఫైండర్ తో తీసినప్పుడు ప్రతిసారీ దాని పై వరసో కింది వరసో షార్ప్ అవుతుంటే ఆ లెన్స్ మీ బాడీతో సరిగ్గా కుదరట్లేదు. పెద్ద కెమెరాల్లో దాన్ని మెనూలో సరిచేసుకోవచ్చు, 1500డీ లోనూ డీ3500 లోనూ ఆ ఆప్షన్ లేదు, కాబట్టి మార్పించుకోవడమే మంచిది. మిర్రర్‌లెస్ లో ఈ గొడవ ఉండదు, ఫోకస్ అనేది ఫొటో తీసే సెన్సార్ మీదే జరుగుద్ది.

టెస్ట్ పాసయ్యాక కూడా ఫోకస్ తప్పుతుంటే అది సెట్టింగ్ సమస్య. ఆటో పాయింట్ సెలెక్షన్ తీసేసి సింగిల్ పాయింట్ పెట్టండి, లేకపోతే కెమెరా కంటిని వదిలేసి దగ్గరగా ఉన్న చేతినో పూలదండనో పట్టుకుంటది. చీకట్లో మధ్య పాయింటే వాడండి, 1500డీ లో 9, డీ3500 లో 11 పాయింట్లున్నా క్రాస్ టైప్ అనే గట్టి పాయింట్ మధ్యలో ఉన్నది ఒక్కటే, పక్కవి చీకట్లో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటా కూర్చుంటాయి. మధ్య పాయింట్ తో కన్ను మీద ఫోకస్ చేసి కెమెరాని పక్కకి తిప్పి తీసే అలవాటుంటే ఎఫ్ 1.8 లో మానేయండి, ఆ 6 సెంటీమీటర్ల లోతు తిప్పడంలోనే దాటిపోవచ్చు, మధ్యలో పెట్టి తీసి తర్వాత క్రాప్ చేసుకోండి, 24 మెగాపిక్సెల్ లో క్రాప్ కి చోటు బాగానే ఉంటది.

దాచుకునే పద్ధతి ఒకటి మిగిలింది. లెదర్ కేసులో, మూసేసిన కెమెరా బ్యాగులో నెలల తరబడి బీరువాలో పెట్టొద్దు, ఫంగస్ కి కావాల్సింది ఆ చీకటీ ఆ తేమే. వంటింట్లో వాడే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా పెద్దది ఒకటి తీసుకుని, అడుగున రంగు మారే సిలికా జెల్ ప్యాకెట్లు వేసి లెన్సులు అందులో పెట్టుకోండి, బియ్యం పోయొద్దు, ఆ పిండి దుమ్ము రింగుల్లోకి పోద్ది. వానాకాలంలో వారానికోసారి డబ్బా తీసి చూడండి, జెల్ రంగు మారిపోయి ఉంటే కొత్తవి వేయండి, అట్టాగే లెన్స్ తీసి కెమెరాకి తగిలించి రింగు అటూ ఇటూ తిప్పి నాలుగు ఫొటోలు తీసి మళ్ళీ లోపల పెట్టండి.